రేడియోలో ధర్మసందేహాలు: శ్రోత అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పట్టణంలో ఒక కళాశాల నడుపుతున్న కమ్యూనిటీ రేడియోలో రెండేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. భక్తి, ఆచారం, నీతి విషయాల మీద శ్రోతలు అడిగే ప్రశ్నలతో వారానికి అరగంట కార్యక్రమం నడిపే బాధ్యత ఇప్పుడు నాకు అప్పగించారు. ఈ మాట చెప్పగానే మా ఇంట్లో పెద్దలందరూ తలచుకున్నది ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు నడిపిన ధర్మసందేహాలు. ఆయన 1990లో కన్నుమూశారు. అప్పటికి నేను పుట్టలేదు కనుక ఆ కార్యక్రమం గురించి విన్నానే తప్ప, శ్రోతగా దాన్ని ఎరగను.

మా ప్రసారం అందే ఊళ్లలో గుడికి వెళ్లేవారు, మసీదుకు వెళ్లేవారు, చర్చికి వెళ్లేవారు, ఎక్కడికీ వెళ్లనివారు కూడా ఉన్నారు. ఇంతమందికి ఒక పండితుణ్ణి కూర్చోబెట్టి జవాబులు చెప్పించడం న్యాయమేనా అన్నది నా మొదటి సందేహం. రెండోది ఫోన్ల సంగతి. ప్రయోగంగా రెండు వారాలు ఫోన్‌లో ప్రశ్నలు తీసుకుంటే దాదాపు అన్నీ రాహుకాలం, వాస్తు, దిక్కుల గురించే వచ్చాయి. ఒక పెద్దావిడ మాత్రం ఏదో అడగబోయి, "మా కోడలు ఇటే వస్తోంది బాబూ, మళ్లీ చేస్తాను" అని పెట్టేశారు. ఆవిడ ఫోన్ మళ్లీ రాలేదు. ఆవిడ అడగదలచుకున్న ప్రశ్న కోసమే ఈ కార్యక్రమం ఉండాలని నాకు అనిపిస్తోంది. ఆ ప్రశ్న మా దాకా రావాలంటే ఏం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

రావిచెట్టు గట్టు

మీరు ఫోన్ పక్కన పెట్టి ఉత్తరాలు అడగండి. ఎందుకంటున్నానో చెబుతాను.

1980 దశకంలో మా నాయనమ్మకు ధర్మసందేహాలు వినడం ఒక నియమం. ఆ గొంతులో మెత్తదనం తక్కువ, నిక్కచ్చితనం ఎక్కువ. తెలివితక్కువ ప్రశ్న వస్తే ఆయన మొహమాటపడేవారు కాదు, అందుకు ఎవరూ నొచ్చుకునేవారూ కాదు. భద్రాచలం సీతారామ కల్యాణానికి ఆయన వ్యాఖ్యానం చెబుతుంటే మా వీధిలో పెళ్లివారిల్లులా ఉండేది.

ఒక కార్తీక మాసంలో నాయనమ్మ నన్ను పిలిచి, పదిహేను పైసల కార్డు ఒకటి చేతికిచ్చి రాయమంది. ఆవిడకు చదువు రాదు. పొలం గట్టు తగాదాలో చెల్లెలితో ఆరేళ్లుగా మాటలు లేవు. మాటలు లేకుండా చేస్తున్న దీపారాధనకు ఫలం ఉంటుందా అన్నది ఆవిడ సందేహం. మొదట "మా చెల్లెలు నాతో మాట మానేసింది" అని రాయించింది. రాసింది చదివి వినిపించమంది. విని, కొట్టేయమని, "మేమిద్దరం మాటలు మానుకున్నాం" అని దిద్దించింది. మళ్లీ చదవమంది. చాలాసేపు వత్తులు చేసుకుంటూ కూర్చుని, చివరికి "నేను మానేశాను అని రాయి" అంది. కార్డు మీద చోటు అయిపోయి ఆ వాక్యం పక్క అంచున నిలువుగా రాశాను.

ఆ కార్డు పోస్టు చేయలేదు. పంచాంగంలో పెట్టి, మరుసటి సోమవారం బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్లింది. అక్కడ ఏమనుకున్నారో నాకు తెలియదు. కాని ప్రశ్నను మూడుసార్లు దిద్దుకునే వ్యవధి ఫోన్‌లో ఎవరికీ దొరకదని మాత్రం తెలుసు.

పాత అనౌన్సరు

నేను కొన్నేళ్లు ఒక రేడియో కేంద్రంలో క్యాజువల్ అనౌన్సరుగా పనిచేసి, శ్రోతల ఉత్తరాలు విడదీసే పని కూడా చూశాను. పైన చెప్పినది అక్షరాలా నిజం. తిథి, మైల, వ్రతవిధానం అడిగే ఉత్తరాలు చూడగానే తెలిసిపోయేవి. "అశ్వత్థామ హతః" అన్న ధర్మరాజుది అబద్ధమా కాదా అని పురాణకథలోంచి అడిగేవారు కొందరుండేవారు, వాటికి జవాబు చెప్పడం పండితులకు పండగ. కష్టమైనవి వేరే. వాటిలో విధి గురించిన ప్రశ్న మొదటి పంక్తిలో ఉంటుంది, అసలు బాధ చివరి పంక్తిలో ఉంటుంది. కొడుకులు లేని తండ్రికి కూతురు తద్దినం పెట్టవచ్చా అని మొదలయ్యే ఉత్తరంలో, తండ్రి బతికుండగా ఎవరు చూశారు, పోయాక ఎవరు ఆస్తికి వచ్చారు అన్నదంతా కింద సన్నని అక్షరాలతో ఉండేది. పై పంక్తికి మాత్రమే జవాబు చెబితే శ్రోతకు అన్యాయం చేసినట్టే. అలాగని కింది పంక్తులు పైకి చదివితే ఊరు ఊరంతా పోల్చుకుంటుంది. కాబట్టి పేరు, ఊరు, కులం, చుట్టరికం తీసేసి, ప్రశ్న తాలూకు బరువు మాత్రం తగ్గకుండా తిరగరాయడమే మీ అసలు పని, దానికే ఎక్కువ సమయం పెట్టండి.

ఏ మతం మీదా దాడి చేసే మాట ప్రసారం కాకూడదన్నది ఆకాశవాణి నియమావళిలో ఉంది. కమ్యూనిటీ రేడియో షరతులు మూఢనమ్మకాలను ప్రోత్సహించవద్దని కూడా చెబుతాయి. వాస్తు ప్రశ్నలను మర్యాదగా పక్కన పెట్టడానికి ఆ షరతే మీకు ఆధారం. పండితుడు మాత్రం ఉండాలి. "మన సంప్రదాయం ఇలా అంటుంది" అని గాలిలో మాట వదలకుండా, ఏ గ్రంథంలో ఎవరు ఎవరితో అన్నారో చెప్పగలిగిన మనిషి ఉండాలి.

షార్ట్‌వేవ్ శ్రోత

మాది క్రైస్తవ కుటుంబం. సీషెల్స్ దీవుల నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో 1970 నుంచి 2003 దాకా షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు చేసింది. వాటిలో వచ్చే తెలుగు కార్యక్రమాల కోసం మా నాన్నగారు సాయంత్రం ముల్లు తిప్పుతూ కూర్చునేవారు. గొంతు అలలా పైకి వచ్చి కిందికి పోయేది, అయినా కదిలేవారు కాదు. కార్యక్రమం చివర చెప్పే చిరునామాకు ఉత్తరం రాసేవారు. జవాబు వచ్చిన రోజున దాన్ని భోజనానికి ముందు అందరికీ చదివి వినిపించేవారు. ఎక్కడో ఉన్న ఒక మనిషి తన ప్రశ్న చదివాడన్నదే ఆయనకు ముఖ్యం.

అయితే ఒక మాట మనసు విప్పి చెప్పాలి. నేను విన్న కొన్ని మత ప్రసారాల్లో, ఏ మతానివైనా సరే, శ్రోత ప్రశ్న ప్రసంగానికి మెట్టు మాత్రమే. "బిడ్డ పోయాడు, దేవుడు ఎందుకిలా చేశాడు" అని ఒక తల్లి అడిగితే, రెండు నిమిషాల్లో అది విశ్వాసం లోపించడం గురించిన ఉపన్యాసంగా మారిపోతుంది. అటువంటి ప్రశ్న వచ్చినప్పుడు తమకు జవాబు తెలియదని చెప్పగల ధైర్యం ఉన్నవారినే పిలవండి. గురువైనా, పాస్టరైనా, మౌల్వీ అయినా ముందుగా కలిసి మాట్లాడితే ఆ ధైర్యం ఉందో లేదో తెలుస్తుంది.

జొన్నచేను

పండితుడు ఉండి తీరాలన్న మాటతో నేను ఏకీభవించలేను. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియోను, 90.4 ఎఫ్.ఎం.లో, దళిత మహిళలే నడుపుతున్నారు. దాని వెనకనున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఏటా జరిపే పాత పంటల జాతరలో విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగిస్తారు, వాటికి పూజ చేస్తారు. విత్తనం అమ్ముకోవచ్చా, పక్కవారు అడిగితే లేదనవచ్చా అన్నది ఆ ఆడవాళ్లకు వ్యవసాయ ప్రశ్న మాత్రమే కాదు, పాపపుణ్యాల ప్రశ్న. దానికి గ్రంథం వెతకరు, నలుగురు కూర్చుని మాట్లాడుకుంటారు. మీరు కూడా వారానికి ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని, మీ ఊరి రైతును, నర్సమ్మను, ఇమామును ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి చూడండి.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఫోన్లు ఆపేశాము. గ్రంథాలయంలోను, ప్రభుత్వాసుపత్రి ఓ.పి. చీటీల కిటికీ పక్కన, అనుమతి తీసుకుని, తాళం వేసిన రెండు పెట్టెలు పెట్టాము. పేరు రాయనక్కరలేదని మీద అతికించాము. రాయలేనివారి కోసం శనివారాలు గ్రంథాలయంలో ఒక విద్యార్థిని కూర్చుంటుంది. ఆ పెద్దావిడ ఆసుపత్రికైనా వస్తారేమోనని నా ఆశ.

పది రోజుల్లో ఏడు చీటీలు వచ్చాయి. నాలుగు ముహూర్తాల గురించి. ఒకటి ఖాళీ కాగితం, మడత మాత్రం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి ఉంది. ఒకదానిలో విషయం ఎంత పచ్చిగా ఉందంటే, ప్రసారం చేయకుండా ఎలా సాయపడాలో పాత అనౌన్సరు గారిని విడిగా అడుగుతాను. మిగిలిన చీటీలో ఇలా ఉంది: "నేను అప్పు తీర్చవలసిన మనిషి చనిపోయాడు. ఆయనకు నా అన్నవారు ఎవరూ లేరు. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలి?"

దీనితోనే మొదలుపెడుతున్నాము. సంస్కృతం మాస్టారు, మసీదు కమిటీలోని ఒక పెద్దాయన, చర్చి పాస్టరమ్మ, కూరగాయల మార్కెట్‌లో వడ్డీ లేకుండా చేబదుళ్లిచ్చే ఒకావిడ వస్తామన్నారు. రికార్డింగు ఆదివారం ఉదయం.