చిలీ లాయర్ ఐల్విన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి: ఈయన ప్లేటు ఫిరాయించాడా, లేదా?

నల్లగొండ జూనియర్:
అందరికీ నమస్తే. నేను నల్లగొండ కోర్టులో మూడేళ్ల నుంచి జూనియర్‌ని. మొన్న వాయిదా పడి ఖాళీగా చాయ్ తాగుతుంటే మా సీనియర్ సార్ లాయర్లే మంచి శాసనకర్తలు అవుతారన్నారు, పక్కనున్న ఇంకో సార్ వెంటనే మన బూర్గుల రామకృష్ణారావు పేరెత్తారు, అట్లా గంట గడిచింది. రాత్రి ఇంటికొచ్చి బయటి దేశాల్లో ఇట్లాంటి వాళ్లెవరున్నారా అని చదువుతూ చిలీ దగ్గర ఇరుక్కుపోయాను. పాట్రిసియో ఐల్విన్. లాయరు, లా ప్రొఫెసరు, 1965లో సెనేటర్, 1971లో సెనేట్ అధ్యక్షుడు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. 1973 సెప్టెంబర్ 11న సైన్యం ఎన్నికైన సోషలిస్టు అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చితే ఈయన సమర్థించాడు. మళ్లీ 1990లో సైనిక పాలకుడు పినోచె దిగిపోయాక ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుడూ ఈయనే. ఇదెట్లా కుదిరింది? ఒక మనిషి కథలాగే లేదు.

పాలమూరు సారు:
తమ్మీ, ముప్పై ఏళ్లు పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ని, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ఐల్విన్ 1918లో పుట్టాడు. తండ్రి జడ్జి, సుప్రీంకోర్టు అధ్యక్షుడి దాకా వెళ్లినవాడు. ఈయన చిలీ విశ్వవిద్యాలయంలో లా చదివి పరిపాలనా చట్టం బోధించాడు. తొలి పుస్తకం దేనిమీదో తెలుసా? మధ్యవర్తిత్వం మీద. మీరు ఆర్బిట్రేషన్ అంటారే, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి కోర్టు బయట తగువు తేల్చడం, అది. నా లెక్కన ఆయన బతుకంతా ఆ పుస్తకమే.

1973 ఆగస్టులో రాజధాని శాంటియాగోలో కార్డినల్ (కాథలిక్ పెద్ద మతగురువు) ఇంట్లో అయెందే, ఈయన ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. రాజీ కుదరలేదు. నెల తిరక్కుండానే సైన్యం దిగింది. సైనికులు ఇల్లు చక్కబెట్టి తొందర్లోనే తాళాలు ఇచ్చేస్తారని చాలామంది క్రిస్టియన్ డెమోక్రాట్లు, అంటే అయెందేను వ్యతిరేకించిన ఐల్విన్ పార్టీవాళ్లు, నమ్మారు, ఈయనా అంతే. పదహారేళ్లు పైనే పట్టింది. తప్పు తప్పే, నేను కప్పిపుచ్చను.

అసలు మలుపు 1980 రాజ్యాంగం దగ్గర ఉంది. పినోచె తనకు నచ్చినట్టు రాయించుకున్న రాజ్యాంగం అది. ప్రతిపక్షం మొత్తం అది చెల్లదని అరుస్తోంది. 1984లో ఒక సదస్సులో ఐల్విన్ ఏమన్నాడంటే, అది న్యాయమైనదా కాదా అన్న వాదన పక్కన పెడదాం, అది అమల్లో ఉందన్నది వాస్తవం, దాని లోపలి నుంచే దారి వెతుకుదాం అని. నీకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే 'అండర్ ప్రొటెస్ట్', అంటే అభ్యంతరం ఉంచుకునే, అని రాసి డబ్బు కట్టడం లాంటిది. హక్కు వదులుకోలేదు, కేసూ ఆపలేదు. తనవాళ్లే చాలామంది తిట్టారు. కానీ ఆ రాజ్యాంగంలోనే ఎనిమిదేళ్లకు ఒక ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, పినోచె మరో ఎనిమిదేళ్లు ఉండాలా వద్దా అని. 1988 అక్టోబర్ 5న దాదాపు 56 శాతం 'వద్దు' అన్నారు. ఆ 'వద్దు' కూటమికి గొంతు ఐల్విన్‌దే. మరుసటేడు డిసెంబర్‌లో 55 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు.

మిర్యాలగూడ మల్లన్న:
సారు మంచిగ చెప్పిన్రు గానీ, సగమే చెప్పిన్రు. అధ్యక్షుడైనా పినోచె సైన్యాధిపతిగా కుర్చీ దిగలే, 1998 దాకా ఉన్నడు. అటెన్క జీవితకాల సెనేటర్ కూడా అయిండు! సైన్యం జనాన్ని చంపినా శిక్ష లేకుండ చేసిన 1978 నాటి క్షమాభిక్ష చట్టం అట్లనే ఉంది. 'సాధ్యమైనంత మేరకు న్యాయం' అన్నది ఐల్విన్ మాటే కదా. కొడుకు పోయిన తల్లికి ఆ మాట చెప్పి చూడండి. మా దిక్కు ఒకాయన 1950 కౌలుదారీ చట్టం కింద తాతకు వచ్చిన 38-ఇ సర్టిఫికెట్, అంటే కౌలుదారుకు భూమి హక్కు ఇచ్చే కాగితం, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతుండు. మడతలకాడ చినిగితే వెనక నుంచి టేప్ అంటించిండు. కాగితంల న్యాయం ఉంది, చేన్ల లేదు.

పాలమూరు సారు:
మల్లన్నా, ఒప్పుకుంటా. కానీ లెక్క కూడా చూడు. సెనేట్‌లో ఎన్నికైనవాళ్లు 38 మంది, అందులో 22 మంది ఐల్విన్ కూటమివాళ్లే. మెజారిటీ అనుకుంటాం కదా? పాత పాలన ముందే 9 మందిని నామినేట్ చేసి కూర్చోబెట్టింది. ఎన్నికైన మిగతా 16 మందితో కలిపితే 22 ఎదురుగా 25. ఏ చట్టం మార్చాలన్నా అవతలివాళ్లను బతిమాలాల్సిందే. ఇంకో చిత్రం, శాంటియాగో పశ్చిమ సీటు. 1989లో కూటమివాళ్లిద్దరికీ 31, 30 శాతం పైన వచ్చాయి, ఆ 30 వచ్చి ఓడిపోయినాయన రికార్డో లాగోస్, ఆయనా లా చదివినవాడే. అవతలి జాబితాలో 17 శాతం వచ్చిన హైమె గుజ్మాన్ గెలిచాడు! ప్రతి చోటా రెండే సీట్లు, ఒకే జాబితాకు రెండూ కావాలంటే అవతలి జాబితాకు రెట్టింపు ఓట్లు రావాలి. కూటమికి మొత్తం 62 వచ్చినా అవతల 32న్నర, రెట్టింపు కాలేదు. ఈ గుజ్మాన్ కూడా రాజ్యాంగ న్యాయ నిపుణుడే, 1980 రాజ్యాంగం రాసిన కమిటీలో ముఖ్యుడు.

నల్లగొండ జూనియర్:
సార్, తల తిరిగింది. అంటే ఒక లాయర్ వేసిన ముడిని ఇంకో లాయర్ విప్పుతూ కూర్చున్నాడన్నమాట. మరి పినోచె పాలనలో చనిపోయినవాళ్ల సంగతి?

పాలమూరు సారు:
పదవిలోకి వచ్చిన నెలన్నరకే ఐల్విన్ ఆ నిజాలు తేల్చడానికి కమిషన్ వేశాడు. కమిషన్ అధ్యక్షుడు రౌల్ రెట్టిగ్, ఆయనా లాయరే, మాజీ సెనేటరే. 2,279 మందిని పేరుపేరునా బాధితులుగా తేల్చింది. 1991 మార్చి 4న ఐల్విన్ టీవీలో దేశం తరఫున ఆ కుటుంబాలను క్షమాపణ అడిగాడు, మధ్యలో గొంతు పూడుకుపోయింది. వీడియో దొరుకుతుంది, చూడు. నెల కాకముందే, ఏప్రిల్ 1న, గుజ్మాన్ పాఠం చెప్పి విశ్వవిద్యాలయం నుంచి బయటికొస్తుంటే కాల్చి చంపారు. దాంతో కమిషన్ నివేదిక మీద చర్చ వెనక్కి పోయింది.

మల్లన్న అడిగినదానికి ఇంకో ముక్క: క్షమాభిక్ష ఇవ్వాలన్నా ముందు ఎవరు చేశారో విచారించాలి కదా అని సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశాడు. దాన్నే ఐల్విన్ సిద్ధాంతం అంటారు.

మిర్యాలగూడ మల్లన్న:
ఇది మాత్రం తెల్వదు సారు. బాగుంది పాయింట్. విచారించకుండా మాఫీ ఎవరికి చేస్తరు మరి.

నల్లగొండ జూనియర్:
రేపు నాకు కూడా ఒక 38-ఇ కేసు ఉంది మల్లన్నా, క్లయింట్ దగ్గర జిరాక్స్ ఒక్కటే ఉంది, ఒరిజినల్ పెట్టెలో ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నారట. పన్నెండు గంటలకు పిలుస్తారు. వచ్చాక ఆ ఉత్తరం సంగతి ఇంకొంచెం అడుగుతాను, ఉంటారా సార్?