బస్సుల మీద గాలి సెన్సర్లు: లెక్క డిపోలోనా, క్లౌడ్‌లోనా?

నెట్‌వర్క్ నాని: సిటీ బస్సుల మీద ధూళి సెన్సర్లు పెడితే ప్రతి రీడింగూ క్లౌడ్‌కి, అంటే ఎక్కడో ఉన్న పెద్ద సర్వర్లకి, పంపక్కర్లేదు. బస్సులోనో డిపోలోనో చిన్న కంప్యూటర్ పెట్టి, అక్కడే లెక్క తేల్చి, సగటు మాత్రం పైకి పంపితే చాలు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో వాళ్లు 2012లో ఫాగ్ కంప్యూటింగ్ అన్నది ఇలాంటిదాన్నే. డేటా ఖర్చు బోలెడు మిగులుతుంది. ఏమంటారు?

లెక్కల మాస్టారు: ఏం మిగులుతుంది? రీడింగ్ 100 బైట్లనుకోండి. సెకనుకొకటి చొప్పున 16 గంటలకు 5.76 ఎంబీ. వాట్సాప్‌లో ఒక చిన్న వీడియో అంత.

నాని: రేపు కెమెరా కూడా పెడితే? చికాగోలో స్తంభాలకు పెట్టిన 'అర్రే ఆఫ్ థింగ్స్' సెన్సర్ పెట్టెలు మామూలుగా ఫొటోలను అక్కడికక్కడే చూసి అంకెలే పంపాయి. జనం ముఖాలు సర్వర్లకు చేరకూడదనే కదా.

మాస్టారు: అడిగింది గాలి గురించి. కెమెరా ఎందుకొచ్చింది? 5.76కి జవాబు చెప్పండి.

డిపో పక్కిల్లు: డిపోలో కరెంటు పోతే?

నాని: యూపీఎస్ ఉంటుందండీ.

కాలనీ అక్క: మా పక్క ఫ్యాక్టరీ తెల్లవారుజామున అరగంట పొగ వదులుతుంది. మా అమ్మ తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని పడుకుంటుంది. ఫిర్యాదు చేస్తే 24 గంటల సగటు చూపించి, పీఎం 2.5 (గాలిలోని సన్నటి ధూళి) పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, మీకు అంతకన్నా తక్కువే ఉంది పొమ్మన్నారు. ఆ అరగంట ఎటు పోయింది?

నాని: ఆ వేళకు బస్సులే తిరగవు కదక్కా. అది వేరే విషయం.

కాలనీ అక్క: వేరే ఎలా అవుతుంది? మీరూ సగటే పంపుతామంటున్నారుగా! మా అమ్మ దగ్గు మీ సగటులో కనిపిస్తుందా?

మాస్టారు: చౌక సెన్సర్లు గాలిలో తేమ ఎక్కువైతే దాన్నీ ధూళిగానే లెక్కేస్తాయి. జ్యూరిక్‌లో ట్రామ్‌ల మీద సెన్సర్లు పెట్టినవాళ్లు, ట్రామ్ గాలిని కచ్చితంగా కొలిచే ప్రామాణిక స్టేషన్ పక్కగా వెళ్లినప్పటి అంకెలతో పోల్చి తమవి సరిచేసుకున్నారు. సగటు తప్ప విడివిడి రీడింగులు లేకపోతే తర్వాత దేన్ని సరిచేస్తారు?

నాని: పారేయమని నేనెక్కడన్నాను? నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నన్ను దొంగలా చూడకండి. డిపోలో నెల రోజులు ఉంచుదాం.

కాలనీ అక్క: మిమ్మల్ని అనలేదు తమ్ముడూ. ఆ డిపో గది తాళం ఎవరి దగ్గరుంటుంది? మేం అడిగితే తీసి చూపిస్తారా?

నాని: మామూలుగా కాంట్రాక్టర్ దగ్గర.

కాలనీ అక్క: నేను మొదటినుంచీ అడుగుతున్నది అదే.

నాని: సరే, గాలి రీడింగులు ఉన్నవున్నట్టు అందరికీ కనబడేలా పైకే పంపుదాం. కెమెరాల సంగతిలో మాత్రం నా మాట మారదు.