సేవ్ ఫైళ్లు పోయాయి, ప్లేయర్లకు ఏం చెప్పాలి?

తిరుపతి భవానీ నగర్‌లో ఇద్దరం కలిసి చిన్న మొబైల్ గేమ్ చేస్తున్నాం. పోయిన అప్‌డేట్‌తో కొందరి సేవ్ ఫైళ్లు, అంటే ఆటలో ఎంతవరకు వచ్చారో దాచే ఫైళ్లు, ఎగిరిపోయాయి. సరిచేశాకే చెబుదామని 4 రోజులు నోరెత్తలేదు. ప్లేయర్లు మాట్లాడుకునే మా డిస్కార్డ్ చాట్ నిండా తిట్లే. ఒకటే టెన్షన్.

జవాబు 1: కొండమీద వైకుంఠం కాంప్లెక్స్‌లో కూర్చున్నారా ఎప్పుడైనా? 18 గంటలు పడుతుందని చెబితే జనం తిట్టుకుంటూనే దుప్పటి పరిచి పిల్లల్ని పడుకోబెడతారు. ఏమీ చెప్పకపోతేనే గేటు పట్టుకుని ఊపుతారు. ‘తప్పు మాదే, ఇక్కడ జరిగింది, శుక్రవారం మళ్లీ రాస్తాం’ అని పెట్టండి. బాగవకపోయినా శుక్రవారం రాయాల్సిందే.

జవాబు 2: 2016 ఆగస్టులో నో మ్యాన్స్ స్కై అనే గేమ్ వచ్చాక, దాన్ని చేసిన హలో గేమ్స్ వాళ్లూ తిట్లు పడుతున్నా చాన్నాళ్లు మౌనంగానే ఉన్నారు. నవంబర్‌లో ఫౌండేషన్ అప్‌డేట్ నుంచి పని చూపిస్తూ నిలబడ్డారు. అంత ఓపిక మనకెక్కడిది? మాట్లాడేయండి.

అడిగినవాడు: పెట్టేశాను. మొదటి రిప్లై: ‘ముందే చెప్పుంటే బ్యాకప్ తీసుకునేవాణ్ణి కదా సామీ.’