అప్‌డేట్: నాయనమ్మ గొల్లభామ చీర సంచులైంది

పోయిన నెల అడిగిన గదా, నాయనమ్మ పాత సిద్దిపేట గొల్లభామ చీర (గొల్లభామ బొమ్మలు నేసిన చీర) మడతల కాడ పిగులుతుంది, సంచులు కుట్టొచ్చా అని. వెనక గట్టి బట్ట వేసి కుట్టమని చెప్పిన్రు. అట్లనే చేసిన, మీకందరికీ చాలా థాంక్స్.

ముందు చీరను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, పోగులు పలచబడ్డ చోట్లన్నీ పక్కన పెట్టిన. మిగతాదానికి వెనక అంటించే బక్రం, అంటే గట్టి బట్ట, పెట్టి ఇస్త్రీ చేసిన. మొదటి సంచి పాడైంది. మందం సూదితోని చిన్న కుట్టు వేసిన, ఆ వరుస వెంబడే చిరిగింది. తర్వాత 11 నంబరు సూది వేసి, కుట్టు పొడుగు పెంచితే బాగా కుదిరింది. పట్టీలకు చీర వాడలే, వరంగల్ కొత్తవాడల తెచ్చిన దరీ (కింద పరిచే మందం నేత బట్ట) ముక్కలు వాడిన. 2018లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతం ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన వరంగల్ దరీలు అవే, ఆ నేత బరువు మోస్తది.

నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ ఒక్కటి కూడా తెగకుండా కత్తిరించాలంటే ఒక పూట పట్టింది. పక్కన అత్తమ్మ తొక్కుకు మామిడికాయలు కొడుతుంటే, సెలవులకొచ్చిన పిల్లలు టెంకల కోసం కొట్లాడిన్రు.

కత్తెర పెట్టిన రోజు నాయనమ్మ నాతోని మాట్లాడలే. నాకు మస్తు బాధైంది. మొత్తం ఆరు సంచులైనయి. అండ్ల ఒకటి ఇప్పుడు ఆమె మంచం కోడుకే వేలాడుతుంది, అద్దాలు, మందులు, ఆకువక్కలు అన్నీ దాంట్లనే.