ముందు బ్రేక్ కాలిపర్‌లో ఒక పిస్టన్ కదలట్లేదు

ప్రశ్న: అన్నా, చాన్నాళ్లు మూలన పడున్న పాత బండి. రెండు పిస్టన్ల కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం). లివర్ నొక్కితే ఒకటే బయటికొస్తోంది. పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టమంటున్నారు. కొట్టొచ్చా?

జవాబు: గాలి వద్దు తమ్ముడూ, పిస్టన్ ఎగిరొస్తే వేళ్లు నలుగుతాయి. హోస్ విప్పకుండానే కాలిపర్ దింపి ప్యాడ్లు తీసెయ్. కదిలే పిస్టన్‌ని లోపలికి నెట్టి సీ-క్లాంప్‌తో బిగించు. ఇప్పుడు లివర్ మెల్లగా కొడితే ఒత్తిడంతా మొండిదాని మీదే పడుతుంది. పైన డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ ఖాళీ కానివ్వకు. రెండూ వదులయ్యాకే హోస్ విప్పు.

మరో జవాబు: అప్పటికీ రాకపోతే బాంజో బోల్టు (హోస్‌ని కాలిపర్‌కి బిగించే బోలు బోల్టు) రంధ్రానికి సరిపడే గ్రీజ్ నిపుల్ బిగించి గ్రీజ్ గన్‌తో గ్రీజు ఎక్కించి పిస్టన్‌ని బయటికి తోయ్. బోల్టు 10 ఎంఎం అయినా పిచ్ (మరల మధ్య దూరం) 1.25, 1.0 రెండూ ఉంటాయి, చూసుకో. గ్రీజు తగిలిన సీళ్లు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగులు) ఉబ్బుతాయి, మళ్లీ వాడొద్దు. ప్లయర్‌తో పిస్టన్ బయటి అంచు మాత్రం పట్టకు.

ఇంకొకరు: అసలు రోగం సీల్ గాడిలో. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, గాడిలో తెల్లటి పొడి పేరుకుని సీల్‌ని పిస్టన్ మీదకి తోస్తుంది. అది గీకకుండా కొత్త సీళ్లు వేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. సీల్ రాసుకునే చోట పిస్టన్ క్రోమ్ పూత గుంటలు పడితే పిస్టన్ మార్చాల్సిందే. హైదరాబాద్‌లో స్పేర్ పార్టుల షాపులుండే పుత్లీబౌలికి పాత సీళ్లు పట్టుకెళ్లు, సైజు కలవాలి. కొత్త ఫ్లూయిడ్ రాస్తే పిస్టన్ బొటనవేళ్లతోనే దిగాలి. బాంజో బోల్టు రాగి వాషర్లు కూడా కొత్తవి వెయ్.