బడి బోర్డు మీద రోజూ ‘నేటి విశేషాలు’: వాన లెక్క, చరిత్ర తేదీలు తప్పు పోకుండా ఎట్టా రాయాలి?

సుద్దముక్క_కావలి

అందరికీ నమస్కారం. కావలి దగ్గర హైస్కూల్లో గేటు దాటగానే నల్లబల్ల ఒకటుంది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. రోజూ ప్రార్థనకు ముందు దాని మీద నాలుగు సంగతులు రాయించాలని అనుకుంటున్నాం: వాన, ఎండ వివరం, చరిత్రలో ఈ రోజు, ఒక ‘మీకు తెలుసా’, చివర్న ఏదైనా చిన్న ఆలోచన. రాసేది తొమ్మిదో తరగతి పిల్లలు. ప్రార్థన తొమ్మిదింటికి. ఉండే టైము ఇరవై నిమిషాలు.

ఇబ్బంది ఏందంటే, వాన ఎంత పడిందో ఒక్కో ఫోను ఒక్కో అంకె చూపిస్తోంది. ‘చరిత్రలో ఈ రోజు’ అని వాట్సాప్‌లో తిరిగేదాంట్లో సగానికి సగం తప్పులే. ఇక ఆలోచన అనేసరికి పిల్లలు ‘సమయం విలువైనది’ లాంటివే రాసేస్తున్నారు. ఖర్చు లేకుండా, మా ఊరికి పనికొచ్చేలా ఎట్టా నడపాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా_గట్టు

వాతావరణం వరకు చెబుతా సార్.

ఫోన్లో కనపడేది మీ బడి ఆవరణలో ఎవరూ కొలిచిన అంకె కాదు. ఉపగ్రహాలు, స్టేషన్ల లెక్కలన్నీ కంప్యూటర్లో వేసి, కొన్ని కిలోమీటర్ల గడికి ఒకటి చొప్పున తీసిన అంచనా. కావలి, నెల్లూరు, ఒంగోలులో వాతావరణ శాఖ పరిశీలన కేంద్రాలున్నాయి కాబట్టి ఎండకు వాళ్ల అంకె రాయండి. వాన మాత్రం మీరే కొలవండి. మన వైపు ఒక వీధిలో కురిసి పక్క వీధిలో కురవదు.

కావాల్సినవి: లోతుగా, ఏటవాలుగా ఉండే ప్లాస్టిక్ గరాటు, అయిదు లీటర్ల నూనె క్యాను, సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి. గరాటు మూతి లోపలి వ్యాసం 11.3 సెం.మీ. ఉంటే దాని విస్తీర్ణం దాదాపు 100 చదరపు సెం.మీ. అప్పుడు క్యానులో 10 మి.లీ. నీళ్లు చేరితే 1 మి.మీ. వాన. అంత కొలత దొరక్కపోతే ఏదైనా పర్లేదు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 0.785తో మళ్లీ గుణిస్తే విస్తీర్ణం వస్తుంది, దాంట్లో పదో వంతు మి.లీ.కి 1 మి.మీ. 15 సెం.మీ. గరాటు అయితే 17.7 మి.లీ. పిల్లలకు లెక్కల పీరియడు కూడా అయిపోతుంది.

చాలామంది రెండు లీటర్ల సీసా పెడతారు. 100 చదరపు సెం.మీ. గరాటుతో అది 200 మి.మీ.కే నిండిపోతుంది. నవంబర్లో వాయుగుండం మన తీరం పక్కన నిలబడితే ఒక్క రోజులో అంత పడుతుంది, సరిగ్గా అసలైన రోజునే లెక్క పోతుంది. పళ్లెంలా పరుచుకున్న గరాటూ వద్దు, పెద్ద చినుకు తగిలి బయటికి చిందుతుంది. గరాటు, క్యాను మూతి కలిసేచోట సందు లేకుండా సైకిలు ట్యూబు ముక్క చుట్టండి. సందుంటే ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, గాలివానకు బయటి నీళ్లు లోపలికి దిగుతాయి.

క్యానును సగం దాకా గుంటలో దించి, గరాటు అంచు నేలకు ఒక అడుగు ఎత్తున, చదునుగా ఉండేట్టు పెట్టండి. గోడకైనా, వేపచెట్టుకైనా వాటి ఎత్తుకు రెండు రెట్ల దూరంలో ఉండాలి. డాబా మీద పెడితే పిట్టగోడ దగ్గర గాలి పైకి తిరిగి చినుకుల్ని ఎత్తుకుపోతుంది, వాన తక్కువ చూపిస్తుంది.

చూడాల్సిన టైము ఉదయం ఎనిమిదిన్నర. దేశమంతా వాన లెక్కకు రోజు ముగిసేది అప్పుడే. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడింది ఇవాళ్టి తేదీన రాస్తారు. కాబట్టి నిన్న సాయంత్రం కురిసిన వాన ఇవాళ్టి పద్దులో ఉంటుంది. పేపర్లో అంకెకూ మన జ్ఞాపకానికీ పొంతన కుదరకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బోర్డు మీద ‘నిన్నటి వాన’ అనకండి, ‘ఉదయం 8.30 వరకు 24 గంటల్లో’ అని రాయండి.

అంకె పక్కన మాట రాయాలంటే వాతావరణ శాఖ కొలమానం వాడండి. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మి.మీ. తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 అంతకు మించితే అత్యంత భారీ. 2.5 కన్నా తక్కువ పడితే ఆ రోజు ‘వాన రోజు’ల లెక్కలోకే రాదు. ముందస్తు సూచనలో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని స్టేషన్లలో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని అర్థం. మీ ఊళ్లో చుక్క పడకపోయినా ఆ సూచన తప్పినట్టు కాదు.

థర్మామీటరు కూడా ఉందంటే నీడలో, గాలి ఆడేచోట, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున కట్టండి. గోడకు మేకు కొట్టి తగిలిస్తే అది గోడ వేడి చెబుతుంది, గాలి వేడి కాదు. మే నెలలో మాత్రం మధ్యాహ్నం సముద్రపు గాలి ఎన్నింటికి తిరిగిందో కూడా రాయించండి. పడమటి గాలి బలంగా ఉండి అది ఆలస్యమైన రోజునే ఎండ విపరీతంగా ముదురుతుంది. ఆ ఒక్క గీతతో పిల్లలకు మన తీరం వాతావరణం సగం తెలిసిపోతుంది.

ఉదయగిరి_మెట్లు

పైన పెన్నా_గట్టు గారు చెప్పిన ఎనిమిదిన్నర సంగతి చరిత్రకూ పనికొస్తుంది. రాత్రిపూట జరిగినవాటికి పుస్తకాల్లో రెండు తేదీలు కనిపిస్తుంటాయి. 1989 నవంబర్లో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానుకు 8 అనీ 9 అనీ రెండూ రాస్తారు. ‘నవంబరు 8, 9 తేదీలు’ అని రాస్తే గొడవ లేదు. దానికో విశేషం కూడా ఉంది: అది పుట్టింది బంగాళాఖాతంలో కాదు, థాయిలాండ్ సింధుశాఖలో. పేరు గే. ఆ దేశాన్ని దాటుకుని మన వైపు వచ్చింది.

మన జిల్లాల విషయంలో ఎక్కువగా పొరబడేవి కొన్ని చెబుతా.

పొట్టి శ్రీరాములు దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19, కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. 56 రోజులని కొందరు, 58 అని కొందరు. రెండు చివరి తేదీలూ కలుపుకుని లెక్కపెట్టించండి: అక్టోబర్లో 13, నవంబర్లో 30, డిసెంబర్లో 15, మొత్తం 58. ఆ తర్వాత ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబరు 1న. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. ఈ రెంటినీ కలిపేసే పోస్టు ఏటా రెండుసార్లు తిరుగుతుంది.

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న పుట్టింది, కానీ ఒంగోలు జిల్లా అనే పేరుతో. టంగుటూరి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. ‘1970లో ప్రకాశం జిల్లా’ అంటే సగమే నిజం.

శ్రీహరికోట 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. అట్టా అని 2008 అక్టోబరు 22 నాటి చంద్రయాన్-1 గురించి రాసేటప్పుడు ‘తిరుపతి జిల్లా’ అనకూడదు, అప్పటికది నెల్లూరే. వెనక్కి పోతే ఒంగోలు తాలూకా కూడా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనిదే. సంఘటన ఏ ఏడాదిదో ఆ ఏడాది జిల్లా పేరు రాసి, పక్కన ‘ఇప్పుడు ఫలానా జిల్లా’ అని కలిపితే చాలు.

శాసనాల జోలికి వెళ్తే శక సంవత్సరం ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 78 కలపండి. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులకైతే 79. సరిచూసుకోను తెలుగు సంవత్సరం పేరు అక్కరకొస్తుంది, ఎందుకంటే ఆ పేరు అరవయ్యేళ్లకోసారే వస్తుంది. కృష్ణదేవరాయలు ఉదయగిరి పట్టుకున్నది 1514లో. శక 1436కి 78 కలిపితే అదే. ఆ ఉగాదితో మొదలైన ఏడు భావ. భావ మళ్లీ 1994 ఉగాదికి వచ్చింది, మధ్య 480 ఏళ్లు, అంటే ఎనిమిది అరవైలు. లెక్క ఇట్టా కలవకపోతే శకమో, సంవత్సరం పేరో ఒకటి తప్పు చదివారన్నమాట.

పద్ధతి వరకు: రోజుకో సంఘటన ఆ రోజు వెతక్కండి. ఏడాది మొత్తానికి ఒక నోటుపుస్తకం, తేదీకో పేజీ. సంఘటన, ఏడాది, ఎక్కడ చదివింది, ఎవరు సరిచూశారు అని నాలుగు గడులు. రెండు చోట్ల కనిపించాకే బోర్డెక్కాలి. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసి రాసినవైతే ఒక్కటే కింద లెక్క. దొరకని తేదీకి ఆ పేజీ ఖాళీగా వదిలేయండి, ఆ రోజు ‘మీకు తెలుసా’ రెండు రాసుకోవచ్చు.

సుద్దముక్క_కావలి

చాలా ఉపయోగం సార్, ఇద్దరికీ నమస్కారం. గరాటు ఈ వారమే పెట్టిస్తాం. రెండు అనుమానాలు. తుపాను రోజుల్లో ‘కృష్ణపట్నం రేవులో మూడో నంబరు హెచ్చరిక’ అని వస్తుంది కదా, అది బోర్డు మీద రాస్తే పిల్లలకు ఏమని చెప్పాలి? ఇంకోటి, ఆ చివరి ఆలోచన సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొత్తపట్నం_అల

నంబరు పెరిగేకొద్దీ తుపాను బలం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1, 2 దూరంగా సముద్రంలో ఉందని చెప్పేవి. 3, 4 రేవుకే గాలుల ముప్పు ఉందని చెప్పేవి. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం, తేడా దారిలోనే: 5 అంటే రేవును తన ఎడమ పక్కన ఉంచి దాటుతుందని, 6 అంటే కుడి పక్కన, 7 అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో. 8, 9, 10 తీవ్ర తుపానుకు, మళ్లీ అదే వరసలో. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇవి ఓడలకూ పడవలకూ ఉద్దేశించినవి. బడికి సెలవో కాదో నంబరును బట్టి చెప్పకండి, అది కలెక్టరాఫీసు నుంచి వచ్చే మాట.

గరాటు గురించి చిన్న సవరణ. ఎత్తుకు రెండు రెట్ల దూరం కనీసం. ఆటస్థలం ఉన్న బడి కాబట్టి నాలుగు రెట్లు దొరికితే అక్కడే పెట్టండి. బంతి తగలకుండా చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి, రేకు మాత్రం కట్టొద్దు.

‘మీకు తెలుసా’కు మీ ఊరికే సొంతమైనది ఒకటి చెబుతా: నీడ లేని రోజు. కావలి దాదాపు 14.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు: మే 1 ప్రాంతంలో, ఆగస్టు 12 ప్రాంతంలో. నెల్లూరుకు ఏప్రిల్ 29, ఆగస్టు 13. ఒంగోలుకు మే 2, ఆగస్టు 10. ఒక రోజు అటూ ఇటూ అనుకోండి. మే నాటికి సెలవులు కాబట్టి మీకు ఆగస్టే గతి. పన్నెండింటికి చూసి లాభం లేదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం 80 మీద ఉన్నాం, అక్కడ పది నిమిషాలు వెనక. ఆగస్టులో సూర్యుడే ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యం. కాబట్టి 12.15కి చూడాలి. గొట్టం ముక్కను మేస్త్రీలు వాడే తూకం గుండుతో సరిచూసి నిటారుగా నిలబెడితే నీడ మొత్తం దాని కిందికే పోతుంది. కొంచెం వాలినా నీడ బయటికొచ్చి, లెక్క తప్పిందనుకుంటారు. ఆగస్టులో మబ్బు పడుతుంది, 11 నుంచి 14 దాకా నాలుగు రోజులూ ప్రయత్నించండి.

దర్శి_దారి

ముందు బోర్డు కొలత చూసుకోండి సార్. మూడడుగులంటే 36 అంగుళాలు. తెలుగులో పైన గుడి, కింద వత్తు రెండూ ఉంటాయి. రెండంగుళాల అక్షరమైనా వరసకు నాలుగంగుళాలు వదలాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. తేదీకి ఒకటి తీసేస్తే మిగిలేది ఎనిమిది వరసలే. వాతావరణానికి రెండు, చరిత్రకు మూడు, తెలుసాకు రెండు, ఆలోచనకు ఒకటి. ఆ కొలతకు పట్టని సంగతి రాయొద్దు. గీతలు శాశ్వతంగా ఉండేట్టు తెల్ల పెయింటుతో సన్నగా కొట్టించండి.

తెలుసాలకు ఊరు దాటి పోనక్కర్లేదు. బ్రెజిల్లో ‘నెలోర్’ అని పిలిచే పశువుల మూలం మన ఒంగోలు జాతి. చీమకుర్తి నల్లరాయిలో నక్షత్రాల్లా మెరిసే చుక్కలుంటాయి, అందుకే దాన్ని గెలాక్సీ గ్రానైట్ అని అమ్ముతారు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగం పైగా పడేది అక్టోబరు, డిసెంబరు మధ్యనే. జవాబు ఆ రోజే రాయకండి, మర్నాడు అదే చోట రాయండి. పిల్లలు ఇంట్లో అడిగి వస్తారు.

ఆలోచనకు నా షరతు ఒక్కటే: ఆ రోజు బడికి వచ్చే దారిలో కంటపడిందై ఉండాలి. ‘మనం’, ‘ఎల్లప్పుడూ’, ‘విలువ’ అనే మూడు మాటలు నిషేధం. అవి మొదలైతే మిగతా వాక్యం దానంతటదే పాఠ్యపుస్తకం అయిపోతుంది. ‘చెరువు కట్ట మీద కొంగ ఒంటికాలి మీద ఉంది, రెండో కాలు ఎప్పుడు దించుతుందో చూసినవాళ్లు చెప్పండి’ లాంటిది చాలు. లేకపోతే ‘మా వీధిలో ఇడ్లీ బండి ఆవిరి ఇవాళ తూర్పుకు పోయింది’ అనొచ్చు. అది గాలి దిక్కు కూడా, పెన్నా_గట్టు గారికి పనికొస్తుంది.

పెన్నా_గట్టు

పనికొస్తుంది, కాకపోతే ఆవిరి తూర్పుకు పోయిందంటే అది పడమటి గాలి. గాలికి పేరు వచ్చే దిక్కును బట్టే. ఇది బోర్డు పక్కన చిన్న అక్షరాల్లో శాశ్వతంగా రాయించండి, మొదటి వారంలోనే తిరగేసి రాస్తారు. కొత్తపట్నం_అల గారి నాలుగు రెట్లు సరైనదే. ఇంకో మాట: ఆదివారాలు, సెలవు రోజులు క్యాను చూసేవాళ్లు ఉండరు. సోమవారం వచ్చిన అంకెను ఒక్క రోజు కింద రాసేయకండి, ‘48 గంటల్లో’ అని రాయండి. దసరా, సంక్రాంతి సెలవులకు వాచ్‌మన్‌కు సిరంజి, నోటుపుస్తకం ఇచ్చి పోండి.

సుద్దముక్క_కావలి

వాచ్‌మన్ ఒప్పుకున్నాడు సార్. గరాటు మూతి కొలిస్తే 12 సెం.మీ. వచ్చింది. అంటే 113 చదరపు సెం.మీ., 11.3 మి.లీ.కి 1 మి.మీ. అని పిల్లలు లెక్కేశారు. సరిపోయిందా?

పెన్నా_గట్టు

సరిపోయింది. అంచు లోపలి నుంచి కొలిచారో లేదో ఒకసారి చూడండి. అంచు మందంతో కలిపి కొలిస్తే వాన తక్కువ వస్తుంది.