లోడ్ పడితే వణికే జెన్‌సెట్: ముందు చూడాల్సింది అలైన్‌మెంటా, ఇంజినా?

డీజీ ఆపరేటర్: మాది డీజిల్ జనరేటరు సెట్టు. ఆరు సిలిండర్ల ఇంజిను, 1500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు), కరెంటు పుట్టించేది రెండు బేరింగుల ఆల్టర్నేటరు. ఈమధ్యే ఆల్టర్నేటరు బేరింగు మార్చాం. ఖాళీగా తిరిగితే పర్వాలేదు. సగం లోడ్ దాటితే చాలు, ప్యానెల్ తలుపు గడగడలాడుతుంది. బేస్ ఫ్రేమ్ మీద పెట్టిన స్పానరు పాక్కుంటూ అంచుకొచ్చి పడిపోయింది. అలైన్‌మెంట్, అంటే ఇంజిను, ఆల్టర్నేటరు షాఫ్టులను ఒకే గీతలోకి తెచ్చే పని, రెండుసార్లు చేయించినా తేడా లేదు. మూడోసారి చేయిద్దామంటున్నారు మావాళ్లు.

షిమ్ముల మేస్త్రి: చేయించాల్సిందే. బేరింగు మార్చాకే మొదలైంది కదా, అనుమానం అక్కడే. చల్లగా ఉన్నప్పుడు చూసి వదిలేసుంటారు. ఇంజిను వేడెక్కితే క్రాంక్ షాఫ్టు సెంటరు పైకి లేస్తుంది. లోడ్ మీద నడిపి, ఆపిన వెంటనే సన్నని కదలిక కొలిచే డయల్ గేజ్ పెట్టించండి.

పాత మెకానిక్: మేస్త్రి గారూ, వేడి మీద చూడాలన్న మాట నిజమే. కానీ రెండుసార్లు సరిచేసినా ఏ మార్పూ లేనప్పుడు మళ్లీ షిమ్ములు (కాళ్ల కింద పెట్టే పల్చటి రేకులు) కదపడానికి నేను ఒప్పుకోను. ముందు కొలవాలి.

1500 ఆర్పీఎం అంటే సెకనుకు 25 చుట్లు. అలైన్‌మెంట్ తప్పితే వణుకు మామూలుగా 25, 50 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు) దగ్గర కనబడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారి మండుతుంది, అంటే సెకనుకు 12.5 సార్లు. ఆరూ సమానంగా మండితే ఆ 12.5 పెద్దగా కనబడదు, ఆరింటికీ కలిపి 75 దగ్గరే బలం ఉంటుంది. ఒక్కటి వెనకబడితే 12.5 లేస్తుంది. లోడ్ పెరిగేకొద్దీ మిగతా ఐదింటికీ దానికీ తేడా ఇంకా పెరుగుతుంది. మీ బండి లక్షణం నాకు అలాగే ఉంది.

కరెంటు వైపు కూడా ఓ చూపు చూడండి. మూడు ఫేజుల్లో లోడ్ సమానంగా లేకపోతే 100 హెర్ట్జ్ వణుకు వస్తుంది, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు పెడితే తేలిపోతుంది. లోడ్ తీసేసి ఎక్సైటేషన్ (ఆల్టర్నేటరులో అయస్కాంతాన్ని పుట్టించే కరెంటు) ఆపితే వణుకు చటుక్కున తగ్గిందా, తప్పు ఆల్టర్నేటరుదే.

ఆ తర్వాత, లోడ్ లేకుండా, సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూడండి. ఏ సిలిండరు దగ్గర శబ్దం మారదో అదే పనిచేయనిది. పాత మెకానికల్ పంపు ఉంటేనే ఇది. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ ఇచ్చేది) అయితే ఆ పైపుల జోలికే పోకండి, డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

డీజీ ఆపరేటర్: మాది మెకానికల్ పంపే. వణుకు కొలిచే మీటరు పెట్టించాం. 12.5 దగ్గరే ఎత్తు ఎక్కువ, 25 దగ్గర కొంచెం ఉంది. ఎక్సైటేషన్ ఆపినా మార్పు లేదు. ఫేజులు సమానమే. నాలుగో సిలిండరు నట్టు వదులు చేస్తే ఇంజిను పట్టించుకోనే లేదు.

షిమ్ముల మేస్త్రి: అయితే ఇంజెక్టరు చూడండి, కాదనను. మరి 25 దగ్గర ఆ కొంచెం ఎందుకుంది? బేరింగు పనిలో ఆల్టర్నేటరు కాళ్లు విప్పారు కదా. ఒక్కో కాలి బోల్టు వదులు చేసి డయల్ చూడండి. 0.05 మిల్లీమీటరు కంటే ఎక్కువ లేస్తే ఆ కాలు సరిగ్గా కూర్చోలేదు. బిగించినప్పుడల్లా ఫ్రేమ్ వంగి, చేసిన అలైన్‌మెంట్ చెడుతుంది.

పాత మెకానిక్: ఆ మాట బాగుంది, తప్పక చూడాలి. కానీ ఇంజెక్టరు మార్చి, లోడ్ మీద మళ్లీ కొలిచాకే. రెండూ ఒకేరోజు చేస్తే వణుకు దేనివల్ల తగ్గిందో తేలదు. అందాకా ఆ సిలిండరుతో లోడ్ మీద నడపొద్దు. క్రాంక్ షాఫ్టు మెలితిరిగే వణుకు చేతికి తెలియదు. ఆ వణుకును అణిచే డ్యాంపరు పాతదైతే దాన్నీ విప్పించి చూపించండి.